మోచేయి: నిర్మాణం, క్రీడల్లో తగిలే గాయాలు

జబ్బకూ ముంజేతికీ మధ్య ఉన్న కీలు మోచేయి. భుజం చేతిని ఏ దిక్కుకైనా తిప్పుతుంది. వేళ్లు, మణికట్టు వస్తువును పట్టుకుంటాయి. ఆ వస్తువును ఒంటికి ఎంత దగ్గరగా తేవాలో, ఎంత దూరంగా ఉంచాలో తేల్చేది మోచేయి. అన్నం ముద్ద నోటికి అందాలన్నా, జావెలిన్ తొంభై మీటర్ల దాకా ఎగరాలన్నా ఈ కీలు మడవాలి, చాచాలి, ముంజేతిని తిప్పాలి.

ఆటల్లో మోచేతికి వచ్చే కష్టాలు రెండు రకాలు. చేయి చాచి నేల మీద పడినప్పుడు ఎముక విరగడం, కీలు తప్పడం వంటివి ఒక్క క్షణంలో జరిగిపోతాయి. రెండో రకం అలా కాదు. వేలసార్లు విసిరిన బంతి, వేలసార్లు తిప్పిన రాకెట్ నెలల తరబడి టెండాన్లనూ లిగమెంట్లనూ కొద్దికొద్దిగా అరగదీస్తాయి. ఆటగాళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. ఈ కీలు అతిని సహించదు. అతిగా వాడితే తెగుతుంది, అతిగా కట్టి ఉంచితే బిగుసుకుపోతుంది. మోచేతి వైద్యమంతా ఆ రెండింటి మధ్య మోతాదును వెతకడమే.

ఎముకలు, కీళ్లు

మోచేతి దగ్గర మూడు ఎముకలు కలుస్తాయి. పైనుంచి వచ్చేది జబ్బలోని భుజాస్థి. కింది నుంచి వచ్చేవి ముంజేతిలోని రత్ని, అరత్ని. బొటనవేలి వైపుది రత్ని, చిటికెనవేలి వైపుది అరత్ని. చేయి మడిచినప్పుడు వెనక మొనదేలి కనిపించేది, బల్ల మీద ఆనించేది అరత్ని పైచివర. దాని పేరు ఒలెక్రానాన్. మోచేతికి రెండు పక్కలా వేలికి తగిలే బుడిపెలు భుజాస్థివి, వాటిని ఎపికాండైల్స్ అంటారు. మణికట్టును, వేళ్లను నడిపే కండరాల్లో చాలావాటికి పుట్టుచోటు ఈ బుడిపెలే. అందుకే మణికట్టు చేసిన పనికి నొప్పి మోచేతి దగ్గర తేలుతుంది.

బయటికి ఒకటే కీలుగా కనిపించినా లోపల ఒకే పొరసంచిలో మూడు కీళ్లు ఉన్నాయి. భుజాస్థి చివర ఉన్న ట్రోక్లియా అనే గుండ్రటి భాగాన్ని అరత్నిలోని లోతైన గాడి ముందూ వెనకా పొదువుకుని, తలుపు బందులా ఒకే దిశలో తెరుచుకుని మూసుకుంటుంది. దాని పక్కనే కాపిటెల్లం అనే నున్నటి గుండ్రటి భాగం మీద రత్ని తల ఆని తిరుగుతుంది. మూడోది రత్నికీ అరత్నికీ మధ్య కీలు. అరచేతిని పైకీ కిందికీ తిప్పగలిగేది దీనివల్లే. చేయి చాచి బరువు మోపినప్పుడు ఆ బరువులో సగానికి పైగా, సుమారు 60 శాతం, రత్ని తల మీదుగా భుజాస్థికి చేరుతుంది. చేతుల మీద నడిచే జిమ్నాస్టుల మోచేతి బయటివైపు ఎందుకు దెబ్బతింటుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఆరోగ్యంగా ఉన్న మోచేయి సున్నా నుంచి సుమారు 145 డిగ్రీల దాకా మడుచుకుంటుంది. ముంజేయి అరచేయి పైకి వచ్చేలా సుమారు 85 డిగ్రీలు, కిందికి వచ్చేలా 75 నుంచి 80 డిగ్రీలు తిరుగుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో బెర్నార్డ్ మోరే బృందం 1981లో కొలిచి చూసినప్పుడు, తినడం, దువ్వుకోవడం, తలుపు తీయడం వంటి రోజువారీ పనులకు 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదలిక సరిపోతుందని తేలింది. గాయం తగిలాక చేయి పూర్తిగా చాచుకోకపోయినా సంసారం సాగిపోతుంది. ఆటగాడికి మాత్రం సాగదు. బరువును తలపైకి ఎత్తి నిలిపేవారికి ఆఖరి పది డిగ్రీలు కూడా కావాలి.

చేతులు చాచి అరచేతులు ముందుకు పెట్టి నిలబడితే ముంజేయి జబ్బకు సూటిగా ఉండదు, కొంచెం బయటికి వాలి ఉంటుంది. ఈ వాలు మగవారిలో సుమారు 10 డిగ్రీలు, ఆడవారిలో కొన్ని డిగ్రీలు ఎక్కువ. ఇది లోపం కాదు, పుట్టుకతో వచ్చిన తీరు. కాకపోతే విసిరేటప్పుడు మోచేతి లోపలివైపు సాగడానికి, బయటివైపు నొక్కుకోవడానికి ఈ వాలు తోడవుతుంది.

లిగమెంట్లు, కండరాలు, నరాలు

ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచేవి లిగమెంట్లు. మోచేతి లోపలివైపు భుజాస్థి బుడిపె నుంచి అరత్నికి వెళ్లే అల్నార్ కొలేటరల్ లిగమెంట్ ముంజేయి బయటికి విరుచుకుపోకుండా ఆపుతుంది. దానిలో ముందుపాయ ముఖ్యమైనది. వేగంగా విసిరే ప్రతి ఆటగాడి భవిష్యత్తూ కొన్ని సెంటీమీటర్ల ఆ పట్టీ మీద ఆధారపడి ఉంటుంది. బయటివైపు లిగమెంట్లు ముంజేయి మెలితిరిగి కీలు జారకుండా కాపాడతాయి. రత్ని తల చుట్టూ ఉంగరంగా ఉండే మరో లిగమెంట్ దాన్ని అరత్నికి అంటిపెట్టి ఉంచుతుంది. అయిదేళ్లలోపు పిల్లల్ని ఒక చేయి పట్టుకుని గుంజితే రత్ని తల ఈ ఉంగరంలోంచి కొంచెం జారి, బిడ్డ చేయి వేలాడేసుకుని ఏడుస్తుంది.

చేతిని మడిచే కండరాల్లో ముందు కనిపించే బైసెప్స్ రత్నికి అతుక్కుంటుంది. కాబట్టి అది మడవడమే కాదు, అరచేతిని పైకి తిప్పుతుంది కూడా. స్క్రూడ్రైవర్ గట్టిగా తిప్పేటప్పుడు జబ్బ బిగుసుకునేది అందుకే. దాని కింద దాగి ఉన్న బ్రేకియాలిస్ అరత్నికి అతుక్కుని మడిచే పనిలో పెద్ద వాటా మోస్తుంది. చేతిని చాచే ట్రైసెప్స్ వెనక ఒలెక్రానాన్‌కు అతుక్కుంటుంది. ముంజేతి కండరాల్లో మణికట్టును వెనక్కి ఎత్తేవి వెలుపలి బుడిపె నుంచి, అరచేతివైపు వంచేవి లోపలి బుడిపె నుంచి బయలుదేరతాయి.

మూడు ప్రధాన నరాలు మోచేతిని దాటి కిందికి పోతాయి. మీడియన్ నరం పెద్ద ధమనితో కలిసి ముందువైపు నుంచి, రేడియల్ నరం బయటివైపు నుంచి వెళ్తాయి. అల్నార్ నరం లోపలి బుడిపె వెనక సన్నటి గాడిలో, చర్మానికి దాదాపు కిందనే ఉంటుంది. మోచేయి తలుపు అంచుకు తగిలినప్పుడు చిటికెనవేలి దాకా జివ్వుమనేది ఈ నరమే. చేయి మడిచినప్పుడల్లా ఇది సాగుతుంది. ఎక్కువగా విసిరేవారిలో, గంటల తరబడి హ్యాండిల్ మీదికి వంగే సైక్లిస్టుల్లో చిటికెనవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. నిర్లక్ష్యం చేస్తే చేతి చిన్న కండరాలు సన్నబడి పట్టు తగ్గుతుంది. తిమ్మిరిని నొప్పికంటే ముందు పట్టించుకోవాలి. నొప్పి తగ్గాక కండరం తిరిగి వస్తుంది గానీ, ఎక్కువకాలం నలిగిన నరం పూర్తిగా తేరుకోకపోవచ్చు.

బౌలింగ్‌లో మోచేయి

మోచేతి కోణం ఆట నియమంగా మారిన క్రీడ క్రికెట్. చేయి భుజం ఎత్తుకు వచ్చిన దగ్గర్నుంచి బంతి వదిలేదాకా మోచేతిని చాచితే అది బౌలింగ్ కాదు, త్రో. 1995లో మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో అంపైర్ డారెల్ హెయిర్ శ్రీలంక స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్ బంతుల్ని త్రోలుగా ప్రకటించినప్పుడు పెద్ద వివాదం రేగింది. మురళీధరన్ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదు. వంగి ఉన్న చేయి తిరుగుతుంటే చూసేవారికి చాచినట్టు కనిపిస్తుంది. నియమం వంపును తప్పుపట్టలేదు, చాచడాన్నే తప్పుపట్టింది. ఈ తేడా కంటికి అందదు.

తర్వాత హైస్పీడ్ కెమెరాలతో బౌలర్లను పరిశీలించినప్పుడు, సక్రమంగా వేస్తారని పేరున్నవారి మోచేయి కూడా కొన్ని డిగ్రీలు చాచుకుంటోందని తేలింది. దాంతో స్పిన్నర్‌కు ఒకటి, పేసర్‌కు ఒకటిగా ఉన్న హద్దులు తీసేసి, 2005లో అంతర్జాతీయ క్రికెట్ మండలి అందరికీ 15 డిగ్రీల హద్దు పెట్టింది. మురళీధరన్ 2010లో 800 వికెట్లతో టెస్టు ఆట ముగించాడు. కొందరు బౌలర్ల మోచేయి సున్నాను దాటి వెనక్కి కూడా వంగుతుంది. అదీ నిర్మాణంలోని తేడానే. శరీరాలన్నీ ఒకే అచ్చులో పోసినవి కానప్పుడు మైదానంలో కంటిచూపుతో తీర్పు చెప్పడం న్యాయం కాదు. ప్రయోగశాల కొలతకు మారడం క్రికెట్ తీసుకున్న మంచి నిర్ణయం.

టెన్నిస్ ఎల్బో

మోచేతి జబ్బుల్లో అందరి నోటా నానిన పేరు ఇది. 1873లో జర్మన్ వైద్యుడు రుంగే దీన్ని వర్ణించినప్పుడు ఆటతో సంబంధమే లేదు, ఎక్కువగా రాసేవారి చేతి నొప్పిగా చెప్పాడు. లాన్ టెన్నిస్ పుట్టిన పదేళ్లలోపే, 1883 నాటికి ఇంగ్లండ్ వైద్య పత్రికల్లో 'లాన్ టెన్నిస్ ఎల్బో' అన్న మాట వచ్చేసింది. పేరు ఆటకు దక్కినా, ఈ నొప్పితో వైద్యుల దగ్గరికి వెళ్లేవారిలో చాలామంది రాకెట్ పట్టనివారే. వడ్రంగులు, పెయింటర్లు, బట్టలు పిండేవారు, కంప్యూటర్ ముందు కూర్చునేవారు అందులో ఉంటారు. పెద్దవారిలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా దీని బారిన పడతారు. 35 నుంచి 55 ఏళ్ల వయసులో ఎక్కువ.

కీలు లోపల ఏమీ చెడదు. మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు వెలుపలి బుడిపెకు అతుక్కునేచోట, ముఖ్యంగా ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరపు టెండాన్‌లో, పోగులు చిరుగుతాయి. మాన్పు పూర్తికాకముందే మళ్లీ అదే పని, మళ్లీ చిరుగు. చాలాకాలం దీన్ని వాపుగా భావించారు. 1979లో అమెరికన్ శస్త్రవైద్యులు నిర్షెల్, పెట్రోన్ శస్త్రచికిత్సలో తీసిన కణజాలాన్ని పరీక్షించి, అక్కడ వాపు కణాలు పెద్దగా లేవనీ, అస్తవ్యస్తంగా అల్లుకున్న నాసిరకం పోగులు, కొత్త రక్తనాళాలు ఉన్నాయనీ చూపారు. ఇది తేలాక చికిత్స ఆలోచనే మారాల్సి వచ్చింది.

టెన్నిస్‌లో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆడే కొత్తవారికి ముప్పు ఎక్కువ. బంతి తగిలే క్షణంలో మణికట్టు ముందుకు వంగి ఉంటే దెబ్బంతా ఆ చిన్న టెండాన్ మీద పడుతుంది. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌లో రెండో చేయి భారం పంచుకుంటుంది. రాకెట్ పిడి చేతికి సరిపోకపోవడం, తీగలు మరీ బిగువుగా ఉండడం, తడిసి బరువెక్కిన బంతులు, సెలవుల్లో ఒక్కసారిగా పెంచిన ఆట కూడా కారణాలే. బ్యాడ్మింటన్, స్క్వాష్ ఆడేవారికీ ఇది వస్తుంది.

భారతీయులకు ఈ జబ్బు పేరు ఇంటింటికీ తెలిసింది సచిన్ టెండూల్కర్ వల్ల. 2004లో ఎడమ మోచేతి నొప్పితో ఆస్ట్రేలియా మీద తొలి రెండు టెస్టులకు దూరమయ్యాడు. 2005 మే నెలలో లండన్‌లో శస్త్రచికిత్స చేయించుకుని, అక్టోబరులో నాగపూర్‌లో శ్రీలంకపై వన్డేలో 93 పరుగులతో తిరిగి వచ్చాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు బ్యాట్ పిడి పైభాగాన్ని పట్టేది ఎడమ చేయి. బ్యాట్ బరువును అదుపు చేసేది, బంతి తగిలే క్షణాన మణికట్టును బిగించి ఉంచేది అదే. హైదరాబాద్ క్రీడాకారిణి సానియా మీర్జా 2022 ఆగస్టులో కెనడాలో ఆడుతూ ముంజేయి, మోచేతి భాగంలో టెండాన్ చిరగడంతో యూఎస్ ఓపెన్ వదులుకుంది. ఆ ఏడాది చివరకు ఆట ముగించాలన్న ఆలోచన మారి, 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో వీడ్కోలు పలికింది.

గుర్తుపట్టడం కష్టం కాదు. వెలుపలి బుడిపె మీదా, దానికి కాస్త ముందూ నొక్కితే నొప్పి. మోచేయి చాచి పిడికిలి బిగించి, మణికట్టును ఎదుటివారు కిందికి నొక్కుతుంటే ఎత్తి ఉంచమంటే నొప్పి. నిండు చెంబు ఎత్తబోతే పట్టు జారుతుంది. మెడ నుంచి వచ్చే నరం నొప్పి కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి, తిమ్మిరి ఉంటే మెడను కూడా చూడాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ విషయంలో కచ్చితంగా మాట్లాడాలి. అది వేయించుకున్న కొద్దిరోజులకే నొప్పి మాయమవుతుంది, అందుకే అడిగి మరీ వేయించుకుంటారు. ఆస్ట్రేలియా పరిశోధకులు 165 మంది మీద జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 54 శాతం మందికి ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది. మందులేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో తిరగబెట్టింది 12 శాతం మందికే. వచ్చేవారం టోర్నమెంటు ఉందని ఇంజెక్షన్ వేయించుకునే ఆటగాడు ఏడాది ఆటను పణంగా పెడుతున్నాడు.

మేలు చేసేది నిదానమైన దారి. నొప్పి రేపే పనిని తగ్గించాలి, పూర్తిగా మానేసి చేతిని పక్కన పెట్టకూడదు. బల్ల అంచున ముంజేయి ఆనించి, చేతిలో చిన్న బరువుతో మణికట్టును మెల్లగా కిందికి దించే వ్యాయామం రోజూ చేయాలి. దించేటప్పుడు సాగుతూ పనిచేసే కండరం టెండాన్ పోగుల్ని మళ్లీ వరసగా అల్లుకునేలా చేస్తుంది. వారాల తరబడి బరువు కొద్దికొద్దిగా పెంచాలి. బుడిపెకు కిందుగా ముంజేతికి కట్టే పట్టీ ఆడేటప్పుడు కొంత ఊరట ఇస్తుంది. ఏడాది లోపల చాలామందికి, శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది. ఓపికగా వ్యాయామం చేసి కూడా తగ్గని కొద్దిమందికే కత్తి అవసరం.

లోపలి బుడిపె దగ్గర వచ్చే గోల్ఫర్స్ ఎల్బో ఇదే కథ, పక్క మారిందంతే. మణికట్టును అరచేతివైపు వంచే కండరాల టెండాన్ చిరుగుతుంది. గోల్ఫ్ ఆడేవారికే కాక, ఫాస్ట్ బౌలర్లకు, రాళ్లెక్కేవారికి, జావెలిన్ విసిరేవారికి వస్తుంది. పక్కనే అల్నార్ నరం ఉంది కాబట్టి తిమ్మిరి తోడయ్యే అవకాశం ఎక్కువ.

విసిరే చేయి

బేస్‌బాల్ పిచర్ బంతి వదిలే ముందు అతని మోచేయి సెకనుకు 2,000 డిగ్రీలకు మించిన వేగంతో చాచుకుంటుంది. ఆ విసురులో కీలు లోపలివైపు పడే మెలిబలం సుమారు 64 న్యూటన్ మీటర్లు. చనిపోయినవారి చేతులపై చేసిన పరీక్షల్లో లోపలివైపు లిగమెంట్ దాదాపు అందులో సగానికే తెగిపోయింది. అంటే మిగతా భారాన్ని ముంజేతి కండరాలు, ఎముకల అమరిక మోస్తున్నాయి. కండరం అలసిన మరుక్షణం ఆ వాటా లిగమెంట్ మీద పడుతుంది. అలసటతో విసరడం ఎంత ప్రమాదమో ఈ లెక్క చెబుతుంది.

జావెలిన్ విసిరేవారిలో ఈ లిగమెంట్ తెగడాన్ని ఫిన్లాండ్ వైద్యుడు వారిస్ 1946లోనే వర్ణించాడు. అప్పట్లో అది ఆటకు ముగింపు. 1974 జులైలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ ఎడమ మోచేతి లిగమెంట్ తెగింది. వయసు 31. సెప్టెంబరులో శస్త్రవైద్యుడు ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి పాల్మారిస్ లాంగస్ అనే సన్నటి టెండాన్ తీసి, ఎడమ మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, అల్లి, లిగమెంట్ స్థానంలో బిగించాడు. తీసేసినా చేతి పనికి లోటురాని టెండాన్ అది. కొందరికి పుట్టుకతోనే ఉండదు. 1975 మొత్తం ఆటకు దూరంగా ఉండి 1976లో తిరిగొచ్చిన జాన్, 1989 దాకా ఆడాడు. మొత్తం 288 విజయాల్లో 164 శస్త్రచికిత్స తర్వాతవే. ఆ శస్త్రచికిత్సకు అతని పేరే నిలిచింది. జపాన్ ఆటగాడు షోహెయి ఒహ్తాని 2018లో చేయించుకుని, 2023లో మళ్లీ మోచేతికి శస్త్రచికిత్సకు వెళ్లాల్సి వచ్చింది.

ఈ శస్త్రచికిత్సకు వచ్చిన పేరుకు ఒక చెడ్డ పర్యవసానం కూడా ఉంది. శస్త్రచికిత్స చేయించుకుంటే చేయి మునుపటికన్నా బలపడుతుందని కొందరు తల్లిదండ్రులు, కోచ్‌లు నమ్ముతున్నారు. అది భ్రమ. తిరిగి మైదానంలోకి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, అయిదారుగురిలో ఒకరు మునుపటి స్థాయికి చేరరు.

పదేపదే విసరడం కీలు వెనకభాగాన్నీ దెబ్బతీస్తుంది. చేయి ఒక్కసారిగా చాచుకున్నప్పుడు ఒలెక్రానాన్ భుజాస్థి గుంటలో గుద్దుకుని, అంచున అదనపు ఎముక పెరుగుతుంది. ముక్కలు విడివడి కీల్లో తిరుగుతాయి, చేయి మధ్యలో పట్టేస్తుంది. గాల్లోకి పంచ్‌లు విసిరే బాక్సర్లలోనూ ఇది కనిపిస్తుంది. ఇంగ్లండ్ పేసర్ జోఫ్రా ఆర్చర్ కుడి మోచేతి సమస్యతో 2021లో మే నెలలో ఒకసారి, డిసెంబరులో మరోసారి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. భారత జావెలిన్ ఆటగాడు నీరజ్ చోప్రాకు 2019 మే నెలలో ముంబయిలో కుడి మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది దోహా ప్రపంచ పోటీలు వదులుకున్నాడు. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్ అర్హత సాధించాడు, 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. శస్త్రచికిత్స తర్వాతి నెలల్లో పోటీకి తొందరపడకపోవడం అతని గెలుపులో భాగమే.

కీలు తప్పడం, కండరం తెగడం

పెద్ద కీళ్లలో భుజం తర్వాత ఎక్కువగా తప్పేది మోచేయి. చేయి చాచి పడినప్పుడు ముంజేతి ఎముకలు వెనక్కి జారతాయి. కబడ్డీలో పట్టుబడి విసురుగా పడే రైడర్, కుస్తీలో ప్రత్యర్థి బరువు కింద చేయి ఇరుక్కున్న మల్లుడు, జూడోలో చేయిపట్టుకు లొంగకుండా పంతం పట్టినవారు ఈ గాయానికి దగ్గరగా ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరతరాలుగా లిఫ్టర్లు వస్తున్న మనకు వెయిట్‌లిఫ్టింగ్‌లో జరిగినవి ముఖ్యం. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆర్మేనియా లిఫ్టర్ ఆంద్రానిక్ కరపెత్యాన్ 195 కిలోలు ఎత్తుతుండగా మోచేయి వెనక్కి విరుచుకుపోయింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 55 కిలోల విభాగంలో మహారాష్ట్రకు చెందిన సంకేత్ సర్గర్ 139 కిలోలు ఎత్తుతూ కుడి మోచేతికి గాయమైనా మూడో ప్రయత్నానికి వచ్చాడు. ఒకే ఒక్క కిలో తేడాతో స్వర్ణం తప్పి, 248 కిలోలతో రజతం అందుకున్నాడు. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు. గాయపడ్డ కీలుతో మళ్లీ బరువు కిందికి పంపకుండా ఆపడం మాత్రం పక్కనున్న పెద్దల పని.

మోచేయి మడిచి వెనకనుంచి తాకితే రెండు బుడిపెలూ ఒలెక్రానాన్ మొనా త్రిభుజంలా ఉంటాయి, చాచితే ఒకే గీత మీదికి వస్తాయి. కీలు తప్పితే ఈ అమరిక చెదురుతుంది. భుజాస్థి మోచేతికి పైన విరిగితే చెదరదు. ఎక్స్‌రే లేని మైదానంలో కూడా వైద్యుడి వేళ్లు ఈ తేడా పట్టగలవు. దెబ్బ తగిలాక చేయి పూర్తిగా చాచలేకపోతే ఎక్స్‌రే తీయాల్సిందే, అలాంటివారిలో దాదాపు సగం మందికి ఎముక విరిగి ఉంటుంది. కీలు తప్పడంతోపాటు రత్ని తల, అరత్ని ముందుమొన కూడా విరిగితే అది చాలా కష్టమైన గాయం, శస్త్రచికిత్స తప్పదు. ఎముక విరగని గాయమైతే కీలును కూర్చోబెట్టి, వారం రెండు వారాల్లోనే కదలిక మొదలుపెడతారు.

నలభై దాటిన మగవారు బరువైనదాన్ని ఎత్తుతుండగా చేయి ఒక్కసారిగా సాగితే బైసెప్స్ కింది టెండాన్ టప్పున ఊడిపోవచ్చు. కండరం జబ్బ పైకి ముడుచుకుపోతుంది, మోచేతి ముందు కమిలిపోతుంది. మొదటి రెండు మూడు వారాల్లో తిరిగి కుడితే ఫలితం బాగుంటుంది. ఆలస్యమైతే టెండాన్ కుంచించుకుపోయి కుట్టడం కష్టమవుతుంది. ఒలెక్రానాన్ మీది ద్రవసంచి వాచి నీరు చేరడం డైవ్ చేసే గోల్‌కీపర్లకు, వాలీబాల్ ఆడేవారికి మామూలే. అది ఎర్రబడి వేడిగా ఉంటే, జ్వరం వస్తే చీము పడుతోందని అర్థం.

మర్దన చేసే కీడు

మోచేయి గాయపడ్డ తర్వాత మనవాళ్లు చేసే మొదటి పని నూనె పెట్టి తోమడం, బిగుసుకున్న చేతిని బలవంతంగా గుంజి చాచడం. మోచేతి ముందున్న బ్రేకియాలిస్ కండరం నలిగి రక్తం చేరి ఉన్నప్పుడు ఇలా చేస్తే ఆ కండరంలోనే ఎముక పేరుకుంటుంది. కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. మంచి ఉద్దేశంతో చేసే ఈ మర్దన వల్ల చేయి వంకరగా మిగిలిపోయినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. గాయపడ్డ మనిషి తన బలంతో, నొప్పి అనుమతించినంత మేరకు కదిలించాలి. ఎదుటివారి బలం ఈ కీలు మీద పనికిరాదు. నెలల తరబడి మెడకు వేలాడదీసి ఉంచడమూ అంతే చెడ్డది. మూడు వారాలకు మించి కదలకుండా ఉంచిన మోచేయి తిరిగి పూర్తిగా చాచుకోవడం కష్టం.

పిల్లల మోచేయి

పిల్లల మోచేయి పెద్దవారి కీలుకు చిన్న నమూనా కాదు. పుట్టినప్పుడు దాని చివరలన్నీ మృదులాస్థే. ఆరు కేంద్రాల్లో ఎముక ఒక్కొక్కటిగా ఏర్పడుతుంది. సుమారుగా ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు ఏళ్లకు ఇవి ఎక్స్‌రేలో కనిపిస్తాయి. లోపలి బుడిపె పూర్తిగా కలిసిపోయేసరికి పదిహేనేళ్లు దాటుతాయి. అప్పటిదాకా లిగమెంట్ కన్నా ఎదుగుదల పలక బలహీనం. పెద్దవాడికి లిగమెంట్ తెగే చోట పిల్లవాడికి బుడిపే ఊడి వస్తుంది. వారాల తరబడి విసిరే పిల్లల్లో అది నెమ్మదిగా వదులై నొప్పెడుతుంది, ఒక్క గట్టి త్రోతో పుటుక్కున విడిపోవచ్చు కూడా.

బయటివైపు నొక్కుడు వల్ల కాపిటెల్లం ఎముకకు రక్తప్రసారం తగ్గి, మృదులాస్థితో సహా ఒక ముక్క విడివడే జబ్బు 11 నుంచి 16 ఏళ్ల జిమ్నాస్టుల్లో, విసిరే పిల్లల్లో వస్తుంది. ముందే కనిపెట్టి విశ్రాంతి ఇస్తే మానుతుంది. ముక్క ఊడాక కనిపెడితే కీలు జీవితాంతం ఇబ్బంది పెట్టవచ్చు. అమెరికాలో చిన్నారి పిచర్లకు 11, 12 ఏళ్ల వయసులో రోజుకు 85, 13, 14 ఏళ్లలో 95 బంతుల హద్దు పెట్టారు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరకుండా ఉండాలని చెప్పారు. మన వేసవి శిబిరాల్లో పొద్దునా సాయంత్రమూ బంతి విసిరించే కోచ్‌లు ఎన్ని త్రోలు వేయించారో లెక్క రాసుకోవడం మొదలుపెట్టాలి.

5 నుంచి 7 ఏళ్ల పిల్లలు చేయి చాచి పడినప్పుడు మోచేతికి కాస్త పైన భుజాస్థి విరగడం అతి సాధారణం. విరిగిన మొన ముందున్న ధమనినీ నరాన్నీ నొక్కవచ్చు. వాపు పెరిగే ముంజేతికి బిగుతైన కట్టు తోడైతే కండరాలకు రక్తం అందదు. కొన్ని గంటల్లోనే అవి చనిపోయి, తర్వాత ముడుచుకుపోయి వేళ్లు పంజాలా వంగిపోతాయి. 1881లో జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ వర్ణించిన ఈ వైకల్యం ఆయన పేరుతోనే ఉంది. విరిగిన ఎముకలకు సంప్రదాయ వైద్యులు కట్టే పుత్తూరు కట్టు పేరు విననివారు తెలుగునాట తక్కువ. ఎముక మామూలుగా విరిగితే కట్టు ఎక్కడ కట్టించుకున్నా మానవచ్చు. పిల్లల మోచేతి దగ్గర ఎముక విరగడం ఆ కోవలోది కాదు. నాడి చూడాలి, ఎక్స్‌రే తీయాలి, చాలాసార్లు వైర్లతో నిలపాలి. సరిగా కూర్చోకపోతే చేయి లోపలికి వంకరగా మానుతుంది.

బిడ్డ మోచేయి వాచిందంటే తోమకండి, గుంజకండి, బిగించి కట్టకండి. ఎలా ఉన్న చేతిని అలాగే అట్టముక్క మీద ఆనించి ఎముకల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఆసుపత్రిలో కట్టు కట్టి పంపాక కూడా ఆ రాత్రంతా వేళ్లను చూస్తూ ఉండండి. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లను మెల్లగా చాచితే బిడ్డ కేకపెట్టినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు తిరిగి తీసుకెళ్లి కట్టు వదులు చేయించండి.